ఐసుపెట్టె అత్త

ఆమె నిద్రలోనే పోయిందని ఆమె కొడుకు ఫోనులో చెప్పినప్పుడు నేను ఒక పట్టాన నమ్మలేదు. అంత భయస్తురాలు అంత నెమ్మదిగా ఎట్లా పోతుంది? చావు వచ్చి తలుపు తట్టినా, "ఎవురది? మా ఆయప్ప ఇంట్లో లేడు, రేపు రా" అని లోపలినుంచే తరిమేసే మనిషి ఆమె. "ఏమీ బాధ పడలేదక్కా. రాత్రి అన్నం తిని పండుకునింది, పొద్దున లేయలేదు" అన్నాడు ఆ అబ్బాయి. ఫోను పెట్టేశాక ముందు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

బళ్ళారి దగ్గర సండూరులో మా ఇంటికి రెండిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. రూపనగుడిలో భూములున్న కుటుంబం వాళ్ళది. సేద్యం అన్నదమ్ములకు వదిలేసి మామ సండూరు వచ్చి, గనుల నుంచి ఖనిజం తోలే లారీలు పెట్టాడు. నిజానికి వాళ్ళు మాకు చుట్టాలు కారు. గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న ఆమెను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త అయింది, ఆమె మొగుడు మామ అయ్యాడు. వీధి పిల్లలకు మాత్రం ఆమె ఐసుపెట్టె అత్త.

ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి ఫ్రిజ్జు వాళ్ళింట్లోనే ఉండేది. గనిలో పెద్ద ఆఫీసరెవరో బదిలీ మీద పోతూ అమ్మితే మామ కొన్నాడు. ఎందుకు కొన్నాడో ఆయనకే తెలియదు. లారీలకు కట్టే నిమ్మకాయలు, దేవుడి పూలు, గిన్నెడు పెరుగు తప్ప అందులో పెట్టడానికి వాళ్ళకేమీ లేదు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి నడవలో నిలబెట్టారు. వచ్చినవాళ్ళు తలుపు తీసి, లోపల వెలిగే దీపం చూసి, మళ్ళీ మూసి వెళ్ళేవాళ్ళు. మామ ఆ వేడుకంతా మీసం దువ్వుకుంటూ చూసేవాడు. అత్త మాత్రం తలుపు తీసిన ప్రతిసారీ వంటింట్లోనే ఒక అడుగు వెనక్కి వేసేది.

ఆమెకు భయం లేనిదంటూ ఏముంది? ఉరుమంటే భయం, కరెంటంటే భయం, లారీ హారనంటే భయం. సొంత లారీలున్నా ఒక్కసారి కూడా ఎక్కి ఎరగదు. బాగా నవ్వితే ఆ తర్వాత ఏడవాల్సి వస్తుందని నవ్వు మధ్యలోనే ఆపేసేది. కూర బాగా కుదిరినా దిగులే, రేపు ఏం మాడిపోతుందోనని. ఏం చెప్పినా ఆమె దగ్గర ఒకటే మాట: "ఏమన్నా అయితే?" మేం పిల్లలం ఆ మాటను ఆమె గొంతుతోనే అనుకరించి పకపకా నవ్వేవాళ్ళం. నాకు జబ్బు చేసేదాకా నేను కూడా అందరికంటే గట్టిగానే నవ్వాను.

నాకు పదేళ్ళు నిండాక అదేదో దాహం పట్టుకుంది. కడవెడు నీళ్ళు తాగినా తీరేది కాదు. మనిషిని పుల్లలా అయిపోయాను. ఒకరోజు నా ఊపిరి మాగిపోయిన పండు వాసన వేసిందనీ, పిలిస్తే పలకలేదనీ అమ్మ తర్వాత చెప్పింది. బళ్ళారి ఆస్పత్రిలో కళ్ళు తెరిచాను. డాక్టరు మా నాన్నను పక్కకు పిలిచి చెప్పిన మాటలు నాకూ వినపడ్డాయి. ఇది చక్కెర జబ్బు. రోజూ సూదిమందు పడాలి. తప్పితే పిల్ల దక్కదు. మందు చల్లగా ఉండాలి కానీ గడ్డకట్టకూడదు, కడితే పారేయాల్సిందే. ఇంకొకటి, కాలికి గాయం కాకుండా చూసుకోండి, మానదు.

మందు సీసాలు ఫ్లాస్కులో పెట్టుకుని ఊరు చేరిన సాయంత్రమే నాన్న వాళ్ళింటికి వెళ్ళాడు, నన్ను వెంటబెట్టుకుని. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విషయం వినీ వినకముందే, "పెట్టుకోప్పా! దాంట్లో ఏముండాది, నిమ్మకాయలు తప్ప! మన పాప కాదా?" అన్నాడు. అప్పుడు తలుపు చాటు నుంచి అత్త గొంతు వినపడింది.

"వద్దప్పా. ఒక బిడ్డ పానం తెచ్చి నా ఇంట్లో పెట్టద్దు. నాకు శానా భయం. ఏమన్నా అయితే?"

"నోరు మూసుకోమే" అన్నాడు మామ. అంతటితో ఆ సంగతి తేలిపోయింది. నాకు మాత్రం ఆమె మీద పట్టరానంత కోపం వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఆమె మా ఇంటికొచ్చి, గడప దగ్గరే నిలబడి, అమ్మను అడగడం మొదలుపెట్టింది. కరెంటు పోతే ఏం చేయాల? తలుపు ఎంతసేపు తెరవచ్చు? సీసా నిలబెట్టాల్నా, పండుకోబెట్టాల్నా? పెరుగు పక్కన పెట్టచ్చా? అమ్మకు తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవంది. అత్త పోతూ పోతూ నా దగ్గర కూర్చుని, "నాకు భయం పాపా. నిద్ర రాదు ఇంగ" అంది. పెద్దవాళ్ళు పిల్లల ముందు అట్లా ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ మర్నాటి నుంచి నా ప్రాణం ఆ పెట్టెలో మధ్య గాజు పలక మీద ఉండేది.

రోజూ పొద్దున నేను సీసా కోసం వెళ్ళాలి. వెళ్ళగానే, "కాలు చూపీ" అనేది. అరికాళ్ళు రెండూ వెలుతురుకు తిప్పి, వేలి సందులు కూడా విడదీసి చూసేది. చిన్న ముల్లు గీరినా ఆమె ముఖం పాలిపోయేది. ఆ తర్వాతే తలుపు తీసి, సీసాను అరచేతిలో పెట్టి, నా వేళ్ళను తన చేత్తో మూసి పంపేది. ఇంట్లో నాన్న గాజు సిరంజిని వేడినీళ్ళలో మరిగించి సూది వేశాక, సీసా మళ్ళీ ఆమెకు అప్పగించి రావాలి.

వారానికొకసారి ఆ పెట్టె శుభ్రం చేసేది. అదొక తంతు. పనిమనిషిని ఆ ఛాయలకు రానిచ్చేది కాదు. నన్ను మాత్రం పక్కన ఉండమనేది. నా మందు కదిలేటప్పుడు నేను కళ్ళారా చూసుకోవాలట. నన్ను మంచం మీద కూర్చోబెట్టి కాళ్ళు పైకి పెట్టుకోమనేది. గాజు పలక కిందపడి పగిలితే పెంకు నా కాలికి తగలకూడదు కదా! తర్వాత పాత పంచె చింపిన పేలికలు తీసి రెండు చేతుల గాజుల మీదా గట్టిగా చుట్టుకునేది. గాజులు తీసి పక్కన పెట్టడం ముత్తైదువకు పనికిరాదు, గాజులతోనే చేయి లోపలికి పెడితే పలకకు తగులుతాయి. అందుకని ఆ కట్లు. చూసేవాళ్ళకు రెండు చేతులూ విరగ్గొట్టుకున్న మనిషిలా ఉండేది.

ముందు నా సీసాలు తీసి, తడి ఇసుక నింపిన కుండలో పెట్టి మూత వేసేది. ఆ తర్వాత పెరుగు, పూలు, నిమ్మకాయలు. అన్నీ ఖాళీ అయ్యాక పెట్టె ముందు గొంతుక్కూర్చుని, గాజు పలక ముందు అంచును కాస్త ఎత్తి, ఒక పక్కకు వాల్చి, తన వైపు లాక్కునేది. "రా తల్లీ, రా. మెల్లగ రా. జోపాన" అని దానితో మాట్లాడేది. ఈనే ఆవు దగ్గర కూర్చుని ఆమె పుట్టింట్లో అట్లాగే మాట్లాడి ఉంటుంది. పలక పూర్తిగా బయటికొచ్చి, నేల మీద మడతపెట్టిన బొంత మీద పడుకునేదాకా నేనూ ఊపిరి తీసుకునేదాన్ని కాదు. గాజు అంచు ఇనుప కమ్మీకి కీచుమని రాసుకుంటే రెండు చెవులూ మూసుకునేదాన్ని. భయం అంటువ్యాధి అని ఆ మంచం మీదే నాకు తెలిసింది.

బయటికి తీసిన వెంటనే నీళ్ళు తగలనిచ్చేది కాదు. కొత్తలో ఒకసారి, ఇత్తడి సామాను కడిగే అలవాటు కొద్దీ, అండాలో కాగుతున్న నీళ్ళు తెచ్చి చల్లటి పలక మీద పోసింది. టప్పున రెండు ముక్కలైంది. మామ లారీ బాడీలు కట్టే వడ్రంగి చేత చెక్క పలక చేయించి ఇచ్చాడు. అది తేమకు ఉబ్బి లోపలే బిగుసుకుపోయి, దాన్ని ఊడబెరకడానికి ఇద్దరు డ్రైవర్లు కావాల్సి వచ్చింది. చివరికి బళ్ళారిలో గాజు కోయించి తెచ్చారు. అందుకే పలక మీద పట్టిన చెమట దానంతటది ఆరేదాకా ఆమె కదిలేది కాదు.

"చూడు పాపా, చల్లటి తావులోంచి బయటికొస్తే గాజుకు గూడా భయమే. ఎట్ల చెమట పడ్తాందో చూడు. ఆ చెమట ఆరినాంకనే నీళ్ళు."

లాంతరు చిమ్నీ తుడిచే జల్లెడ పట్టిన బూడిదే దానికీ. బూడిదతో రుద్ది, చన్నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసేది. అందులోంచి ఆమె ముఖం నాకు పచ్చగా, కొంచెం వంకరగా కనపడేది. పలక మళ్ళీ తన చోట కూర్చుని, సీసాలు దాని మీదికి చేరాక, పేలికలు విప్పుకుని గోడకు చేరగిలబడి, "ఈ వారానికి సాకు" అనేది, కన్నడంలో చాలని. ఆ మాట వింటే నాకు బతికినట్టుండేది.

ఆ ఏడు చలికాలం చివర్లో ఊరూరా అష్టగ్రహ కూటమి అన్నారు. ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలోకి చేరుతున్నాయట. భూమి కంపిస్తుందని ఒకరు, తుంగభద్ర పొంగి ఊళ్ళు మునుగుతాయని ఒకరు, నిప్పుల వాన అని ఇంకొకరు. ఎక్కడ చూసినా భజనలు, హోమాలు. చచ్చేదేదో సొంతూళ్ళో చద్దామని గని కూలీలు వెళ్ళిపోయారు. మామ దగ్గర పనిచేసే డ్రైవర్లు తమ ఊరు చోరనూరు వెళ్ళిపోయారు. లారీలు నిమ్మకాయల దండలు వేసుకుని వీధిలో వరసగా ఆగిపోయాయి. జనం గోడల మీది అద్దాలు, పటాలు దించేశారు. ఎన్నడూ లేనిది ఊరు ఊరంతా మా అత్త అయిపోయింది.

బస్సులు ఉంటాయో ఉండవోనని నాన్న ముందుగానే వెళ్ళి కొత్త సీసాలు రెండు తెచ్చి ఆమెకిచ్చాడు. పాత సీసా కూటమికి ముందురోజు సూదితో అయిపోయింది. గ్రహాలు కలిసే రోజు పొద్దున నేను కొత్త సీసా కోసం వెళ్ళాను. పెట్టె తలుపు తీస్తే లోపల ఖాళీ. గాజు పలకలు లేవు. అవి బొంతల్లో చుట్టి మంచం కింద ఉన్నాయి.

"ఇల్లు అదిరితే అవి పగల్తాయి గదా పాపా? మీదుండే సీసాలు ఏం గావాల? అందుకే నిన్న మాపటేళే తీసేసినా." ఆమె పెట్టె పై భాగంలో ఉన్న చిన్న తలుపు తెరిచింది. ఐసు గడ్డలు కట్టే ఇనుప గూడు అది. "చూడు, ఇనప పెట్టెలో ఇనప గూడు. దూది చుట్టి పెట్టినా. కప్పు కూలి మీద పడినా నీ మందుకేం గాదు."

సీసా గూటికి అతుక్కుపోయి ఉంది. గోరుతో మంచు గీకి తీసి ఇచ్చింది. ఆమె ముఖంలో అంత నిబ్బరం నేనెప్పుడూ చూడలేదు. నాకూ సంతోషమే అనిపించింది.

ఇంట్లో నాన్న సీసాను తలకిందులు చేశాడు. లోపల ఏమీ కదలలేదు, మందు గడ్డకట్టిపోయింది. ఆయన ముఖం చూసి అమ్మ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేసింది. "యాడ పెట్టింది?" అన్నాడు నాన్న. చెప్పాను. రెండో సీసా తేవడానికి ఆయనే పరిగెత్తాడు. అదీ అంతే. ఆయన వెనకాలే అత్త వచ్చింది. గడ్డకడితే మందు పనికిరాదని ఆమెకు ఎవరమూ చెప్పలేదు, కానీ సంగతేమిటో అప్పటికే అర్థమైపోయింది.

"నా బిడ్డను చంపితివి గదా వదినా!" అంది అమ్మ.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. "మల్లా యాడ దొరుకుతాది?" అని మాత్రం అడిగింది. "బళ్ళారిలోనే" అన్నాడు నాన్న, చొక్కా తొడుక్కుంటూ. బస్టాండుకు పోయి, ఒక్క బస్సు కూడా లేదని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఎండ ఎక్కేసరికి నాకు దాహం మొదలైంది. తాగిన నీళ్ళు తాగినట్టే కక్కేశాను. అమ్మ మాటిమాటికీ నా నోటి దగ్గర ముఖం పెట్టి వాసన చూడసాగింది. ఆ వాసన ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. చచ్చిపోతానని నాకు అర్థమైంది. భూమి కంపించకుండానే, నిప్పుల వాన పడకుండానే, నేనొక్కదాన్నే.

నాన్న నన్ను భుజాన వేసుకుని మామ దగ్గరికి వెళ్ళాడు. మామ లారీ డ్రైవరుగానే బతుకు మొదలుపెట్టిన మనిషి, కళ్ళు మూసుకుని కూడా తోలగలడు. నడవలో చాప మీద కూర్చుని ఉన్నాడు. మెడలో అయ్యవారు కట్టిన కొత్త తాయెత్తు. నాన్న చెప్పిందంతా విని తల దించుకున్నాడు.

"బావా, నీ కాళ్ళు మొక్కుతా" అన్నాడు నాన్న.

"అట్లనద్దప్పా. ఈ పొద్దు ఇనుము ముట్టద్దన్నాడు అయ్యవారు. బండి కదిలిస్తే వంశమే ఉండదన్నాడు. రేపు తెల్లారినాంక నేనే తోల్కపోతా. ఒక పొద్దు ఆగితే ఏమైతాది?"

ఊళ్ళో అందరికంటే గట్టిగా మాట్లాడే మనిషి గొంతు పిల్లి గొంతయిపోయింది. నాన్న నన్ను ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఆయన గుండె నా చెవి కింద దబదబా కొట్టుకోవడం వినపడుతోంది.

లోపలినుంచి అత్త వచ్చింది. చేతుల గాజుల మీద పేలికలు చుట్టుకుని ఉంది. చంకలో ఫ్లాస్కు. మొగుడి పక్కనుంచి నడిచి, వాకిట్లో ఉన్న లారీ దగ్గరికి పోయి, తలుపు తీసి, ఎక్కబోయి జారింది. మోకాలు కొట్టుకుపోయింది. మళ్ళీ ఎక్కింది. డ్రైవరు సీటు పక్కన కూర్చుని, చేయి చాచి హారను నొక్కింది. ఆ చప్పుడుకు ముందు ఆమే అదిరిపడింది. అయినా చేయి తీయలేదు. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు.

మామ పరిగెత్తుకొచ్చాడు. "ఏమే, బుద్ధుండాదా నీకు? లోకం మునిగిపోతాదంటే నీకు భయం గూడా ల్యాదా?"

"నాకు దినామూ ఇట్లే ఉంటాది. నీకు ఈ పొద్దే కొత్త" అంది అత్త. "రా, ఎక్కు."

ఆయన ఎక్కాడు.

కొండల మధ్య కనుమ దాటేటప్పుడు రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. నేను అత్త ఒడిలో పడుకుని ఉన్నాను, నాన్న మా పక్కన. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, ప్రతి మలుపు దగ్గరా "అయ్యో దేవుడా, అయ్యో దేవుడా" అంటూనే ఉంది. ధైర్యం ఎక్కడినుంచో వచ్చి ఆమెలో చేరిందని చెప్తే కథకు బాగుంటుంది. అదేమీ లేదు. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది, ఆ వణుకుకు నా తల కూడా ఊగుతోంది. "ఊపిరి తీసుకుంటాండావా పాపా?" అని అడగడం మాత్రం దారి పొడుగునా ఆపలేదు. జవాబు చెప్పే ఓపిక లేక వేలు కదిపేదాన్ని. అది చాలదనేది. నోటితో చెప్పమనేది. నాకు విసుగొచ్చి, "తీసుకుంటాండా" అని అరిచాను. ఆ తర్వాత ఆస్పత్రి గోడలు, నర్సు తెల్ల బట్టలు, సూది. అంతే జ్ఞాపకం.

లోకం మునగలేదు. మర్నాడు డ్రైవర్లు తిరిగొచ్చారు, లారీలు కదిలాయి, జనం సిగ్గుపడుతూ అద్దాలు మళ్ళీ గోడలకు తగిలించుకున్నారు. కొన్నాళ్ళకు నేనూ ఇంటికొచ్చాను. కానీ అమ్మ కొత్త సీసాలు ఆమె ఇంటికి పంపలేదు. మా వంటింటి మూల తడి ఇసుక కుండ పెట్టుకుంది. అత్త మా వాకిటి ముందు నుంచి పోతూ తల తిప్పి కూడా చూసేది కాదు. నేను ఎదురైతే కళ్ళు నా పాదాల మీద ఒక్క క్షణం ఆగేవి, అంతలోనే తప్పించుకునేవి. వాళ్ళింటికి పోవాలని నాకు ఉండేది. అమ్మను అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఎండలు ముదిరాయి. ఇనుప కొండల ఊరు, మధ్యాహ్నమయ్యేసరికి నేల పొయ్యి మీది పెనంలా కాలేది. అమ్మ పొద్దస్తమానం కుండ దగ్గరే ఉండేది. ఇసుకలో వేళ్ళు పెట్టి చూసేది, నీళ్ళు చల్లేది, మళ్ళీ చూసేది. పక్కింటివాళ్ళు, "ఏం గాదులేమ్మా, ఊరికే బెదురుకుంటావు" అనేవాళ్ళు. ఒకరోజు నీళ్ళు చల్లిన ఇసుక కూడా వేళ్ళకు వెచ్చగానే తగిలింది. అప్పటికప్పుడు సీసాలు తడిగుడ్డలో చుట్టుకుని, నా చేయి పట్టుకుని బయల్దేరింది.

అత్త వంటింట్లో బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి లేచింది. అమ్మ గుడ్డ విప్పి సీసాలు చూపించింది. అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను చేసింది మర్చిపోయినావా?"

"మర్చిపోలే. సచ్చినా మర్చిపోను" అంది అమ్మ. ఆమె గొంతులో కోపం ఇంకా అట్లాగే ఉంది. "ఒక పొద్దు ఆగితే ఏమైతాది అనేటోళ్ళు ఊరంతా ఉండారు వదినా. దీన్ని తల్చుకుంటే నిద్ర పట్టనోళ్ళు నువ్వూ నేనే. నేనొక్కదాన్నే మోయలేకుండా ఉండా. పట్టు."

అత్త కొంగు చాపింది. అమ్మ రెండు సీసాలూ అందులో పెట్టింది. అత్త కొంగు ముడి బిగించుకుని నా వైపు తిరిగి, "కాలు చూపీ" అంది.